మబ్బుకు వేసిన అతుకు

అమ్మడూ, ఫోన్లో మాట్లాడి పంపించమన్నావుగా, ఇదిగో మాట్లాడుతున్నా. ఎర్ర చుక్క వెలుగుతోంది, అంటే వింటోందనే అనుకుంటా. లేచా, తిన్నా, మందు మింగా. ఇల్లా? ఇల్లు ఎట్లా ఉంటుంది, ఉంది. మంచానికి ఒక పక్కనే పడుకుంటున్నా ఇంకా. అలవాటు.

పొద్దున చెత్త యార్డు గేటు ఎదురుగా టీ కొట్టుకెళ్ళా. బుల్డోజరు దిగి ఇన్నేళ్ళయింది, అయినా కాళ్ళు అటే పోతాయి. ఇంట్లో కూర్చుంటే ఏముంది, గోడలు చూడటమేగా.

అసలు సంగతేంటంటే, మీ అమ్మ పోయినప్పట్నుంచి అక్కడ నన్నెవ్వరూ తిట్టట్లేదు. నవ్వకు, నిజం. ఇదివరకు నేను నోరు తెరిస్తే చాలు, గేటు దగ్గర లారీలు తూస్తాడే, ఆ కాటా అల్లుడు, "మొదలెట్టాడ్రా బాబూ" అనేవాడు. టీ కొట్టాయన స్టవ్వు పెద్దది చేసేవాడు, ఆ చప్పుడులో నా మాట వినబడకూడదని. మీ అమ్మ పనిలోంచి టీకి వచ్చి వెనక నిలబడి అంతా వినేది. అబద్ధమని ఒక్కసారి అనలేదు. చివర్లో ఏదో ఒక్క ముక్క అడిగేది, అంతే, నా కథ చతికిలపడేది. ఇప్పుడు ఏం చెప్పినా "ఔను మామా", "అంతేగా మామా". జాలి. టీలో చక్కెర కూడా ఎక్కువేస్తున్నాడు, జాలితో. తాగలేక చస్తున్నా. ఈ ముసలాడితో వాదించి లాభం లేదు, వీడి పని కూడా అయిపోయింది అని అందరూ కూడబలుక్కున్నట్టుంది.

అందుకని ఇవాళ ఒకటనుకున్నా. ఎవరో ఒకరు ఆపమనేదాకా కోతలు కొయ్యాలి. ఎంతదాకా మింగుతారో చూద్దామని.

కాటా అల్లుడున్నాడు, ఒక లారీ డ్రైవరున్నాడు, టీ కొట్టాయన సరే. బెంచీ చివర మీ పిన్ని కూర్చుంది, మీ అమ్మతో కలిసి షీటు అతుకులు పరీక్ష చేసేదే, ఆ పిన్ని. మీ అమ్మ పోయాక టీకి రావడం ఇదే మొదలు. తల వంచుకునే ఉంది. గ్లాసు చేతిలోనే చల్లారిపోతోంది.

షీటు కథ ఎత్తుకున్నా.

"కొత్త గుంట తవ్విన ఏడు," అన్నా. "బంకమట్టి పరిచి, రోలరుతో తొక్కించి, దాని మీద నల్ల షీటు వేశాం. ఎందుకు? చెత్తలో దిగిన వాన నల్లటి రసమైపోయి భూమిలోకి పోతుంది, కింద కాలనీ బావులన్నీ పాడైపోతాయి, దానికి అడ్డం ఆ షీటే. పరిచాక అంచులు చుట్టూ తవ్విన కాలవలో పెట్టి మట్టితో పూడ్చాలి. పూడ్చేదాకా పైన ఇసక బస్తాలు పెట్టాలి. ఆ రోజు మనవాళ్ళు బస్తాలు పెట్టకుండా టీకి వచ్చి ఈ బెంచీ మీదే కూర్చున్నారు. గాలి లేచింది. నేను చూశా, పరిగెత్తుకెళ్ళి అంచు మీద బోర్లా పడిపోయా."

"గొప్పే మామా," అన్నాడు కాటా అల్లుడు. వెటకారం లేదు, ఏం లేదు. పరామర్శకొచ్చినవాడిలాగా.

నాకు ఒళ్ళు మండింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? షీటు నన్ను కూడా లేపింది! మేడ ఎత్తు, మేడ మీద మేడ ఎత్తు. నేను ముందే నడుముకి తాడు కట్టుకుని ఆ కొస బుల్డోజరుకి బిగించా, బరువుకి ఆగుతుంది కదాని. ఆగుతుందా? బుల్డోజరు కూడా లేచింది. ఇంజను ఆపలేదు కదా, తాడు పట్టుకుని దాంట్లోకి దిగి గేరు వేశా."

"గాల్లో గేరు పడిందా మామా?" అన్నాడు డ్రైవరు.

హమ్మయ్య, ఒకడు దారికొచ్చాడనుకున్నా.

"ఎందుకు పడదు?"

"అదేలే, గుంతలు కూడా ఉండవుగా," అని తలూపాడు. చూశావా.

సరే అని ఇంకా పైకి పోయా. "పాత గుట్ట మీదుగా పోతున్నాం. లోపల చెత్త కుళ్ళి గ్యాసు పుడుతుంది కదా, అది బయటికి రావడానికి పైపులు పెట్టాం కదా, సరిగ్గా ఆ పైపుల మీదికొచ్చేసరికి గ్యాసంతా షీటులోకి ఎక్కింది. బూరలాగా ఉబ్బింది. గద్దలు ఇంక మావల్ల కాదని వెనక్కి తిరిగిపోయాయి. షీటు ఊరంతటికీ అడ్డం వచ్చేసి, మిట్టమధ్యాహ్నం ఊళ్ళో లైట్లు వేసుకున్నారు!"

"ఔను, నాకు గుర్తే," అన్నాడు టీ కొట్టాయన. "నేనూ వేశా."

ఏం చెయ్యను అమ్మడూ? సాక్ష్యం కూడా చెప్పేస్తున్నాడు! నేను కోస్తుంటే పక్కనుంచి వాడు పోగు పెడుతున్నాడు. నాకు నీరసం వచ్చేసింది. ఇంటికి పోదామనిపించింది. కానీ గాల్లో బుల్డోజరుని వదిలేసి ఎట్లా వస్తాను, దించాలి కదా.

"పైకెళ్ళి చూద్దును కదా," అన్నా, "మబ్బుకి చిల్లు! ఇంత చిల్లు. అప్పుడు తెలిసింది నాకు. మనమిక్కడ బంకమట్టనీ షీటనీ రసం తోడే పంపులనీ ఎన్ని తంటాలు పడ్డా, రోగం పైనుంది. వాన పడకపోతే రసం ఎక్కడిది? వెంటనే షీటులోంచి ఒక ముక్క కోశా, అతుకులేసే వేడి మిషను బండిలోనే ఉంది, మబ్బు అంచు తుడిచి ముక్క అతికించేశా."

ఎవరూ నవ్వలేదు. నేను మబ్బుకి అతుకేస్తున్నా, వీళ్ళు తలలూపుతున్నారు. అందరూ నా మొహం వైపే, ఆ చూపు నీకు తెలుసు, ఆస్పత్రి వరండాలో మనల్ని చూసిన చూపే. చెప్తున్న నాకే విసుగొచ్చింది. ఇంకొక్క ముక్క చెప్పి లేచిపోదామనుకున్నా.

"అతుకేసి ఊరుకుంటానా? పద్ధతి ప్రకారం పరీక్ష చెయ్యాలి కదా. అతుకు మీద సబ్బునీళ్ళు పోశా, గాజు పెట్టె బోర్లించి లోపలి గాలి లాగేశా. చిల్లుంటే బుడగ లేవాలి. ఒక్క బుడగ లేస్తే ఒట్టు. అందుకే ఆ ఏడు వాన లేదు."

"ఔన్లే, ఆ ఏడు ఎండలు గట్టివే," అన్నాడు డ్రైవరు.

అయిపోయింది, ఇంతే ఇంక, అనుకుని బెంచీ పట్టుకుని లేవబోతున్నా.

"బావా," అంది మీ పిన్ని. తలెత్తలేదు.

"ఏంటే?"

"సబ్బునీళ్ళు ఎక్కడివి?"

"ఎక్కడివేంటి, బకెట్లోవి."

"ఏ బకెట్టు? బకెట్టు ఇక్కడ కింద నా చేతిలో ఉంటే. గాజు పెట్టె అక్క చంకలో ఉంటే." అప్పుడెత్తింది తల. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మాట మాత్రం నిక్కచ్చి. "నువ్వెగిరితే ఎగిరావు, బండెగిరితే ఎగిరింది, నాకనవసరం. పరీక్ష కాని అతుకు మేం ఒప్పుకోం. ఊడబీకి మళ్ళీ వెయ్యి."

కాటా అల్లుడు ముందు గొంతులోనే ఆపుకున్నాడు. ఆగలేదు. "దొరికిపోయాడ్రా మామ!" అని తొడ చరిచాడు. డ్రైవరుకి టీ పొలమారింది. టీ కొట్టాయన, ఇంతసేపూ నాకు సాక్ష్యం చెప్పినవాడు, "ఇన్నాళ్ళూ జాలిపడి ఊరుకుంటే మబ్బుదాకా పోయావేం పెద్దాయనా!" అని నా మీదికే వచ్చాడు. నేను మళ్ళీ కూలబడ్డా.

మేం, అంది అమ్మడూ. నేను ఒప్పుకోను అనలేదు. మేం ఒప్పుకోం అంది.

చాలాసేపు వాదించా దానితో. తెగించి వాదించా. వదిలితేగా. ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచిస్తున్నా. ఇంకో బకెట్టుందనొచ్చు, కానీ స్టోరులో ఒక్కటే ఉండేదని దానికి తెలుసు. మబ్బులో నీళ్ళున్నాయనొచ్చు, మరి సబ్బు? సబ్బు ఎక్కణ్ణుంచి తేను? నీకేమైనా తడితే చెప్పవే తల్లీ. రేపు మళ్ళీ అడుగుతుందది.