కాలరు లోపలి కుట్టు

భార్య పోయాక మూసిన దర్జీ కొట్టును ఆయన మళ్ళీ తెరుస్తున్నాడు. అన్న కూతురు లోగో గీసి తెచ్చింది.

“మీ పిన్ని బొమ్మ పెట్టమన్నాను కదమ్మా. ఈ ఎర్ర ఇంటూ గుర్తేంటి?”

“పెట్టి చూశాను బాబాయ్. లేబుల్ మీద అంత చిన్నగా వేస్తే ముఖం మరకలా ఉంది. లోగో మన ముచ్చట కోసం కాదు, చూసేవాళ్ళ కోసం. అందుకే ఇక్కడ బట్టలు కుట్టించుకున్న పన్నెండు మందిని అడిగాను, ఈ కొట్టు అనగానే ఏం గుర్తొస్తుందని.”

“దాని ముఖం కాక ఇంకేం గుర్తొస్తుంది?”

“ముఖం ఎవరూ చెప్పలేదు. పిన్ని మిషను మీంచి తలెత్తేది కాదుగా.”



“మరేం చెప్పారు?”

“అందరూ కాలరు తిప్పి ఇదే చూపించారు. కుట్టడం అయ్యాక లోపల ఎర్రదారంతో వేసేదట, తన చేతి గుర్తుగా. ఒకావిడ చొక్కా చిరిగిపోయినా ఆ ముక్క దాచుకుంది. నీ చొక్కాలకీ ఉంటుంది, చూడు.”

“ఉండదమ్మా.”

“అదేంటి?”

“మెడకి గుచ్చుకుంటోందని కత్తిరించేసేవాణ్ణి. ఏమీ అనేది కాదు, మళ్ళీ వేసేది. నేను మళ్ళీ కత్తిరించేవాణ్ణి.”