మూడు పిన్నుల దేశాభిమానం

అధ్యక్షస్థానంలో కూర్చుని, నేనెంతసేపు మాట్లాడతానో అని అప్పుడే గడియారం కేసి చూస్తున్న మా ట్యూషన్ బడి యజమానురాలు ఎవాంథియా గారికీ, కలమాతలో ఒక సభకి వేళకి వచ్చిన మొట్టమొదటి పెద్దమనిషిగా పేరు తెచ్చుకున్న ఉపమేయరు గారికీ (నవ్వులు), ముందు వరసలోని పెద్దలకీ, ఎప్పటిలాగే వెనక వరసలో దాక్కున్న నా పాత విద్యార్థులకీ ఈ ఎడ్విన్ హాల్‌గార్త్ నమస్కారాలు. ఇన్నేళ్ళూ మీ ఇంగ్లీషు నేను భరించాను. ఈ ఒక్క పూటా నా గ్రీకు మీరు భరించండి.

ఇందాక నా చేతికి ఎర్రటి సూట్‌కేసు ఒకటి ఇచ్చారు. చక్రాలున్నాయి, తాళం ఉంది, చాలా బాగుంది. ముప్పై ఏళ్ళ పైచిలుకు మీ పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషికి 'ఇక దయచేయి' అని చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు (నవ్వులు). తప్పు మీది కాదు లెండి. ఉద్యోగం అవగానే ఇంగ్లండులో మా ఊరు స్టాక్‌పోర్టు వెళ్ళిపోయి, మా అక్క డోరీన్ ఇంట్లో ఉంటానని ఊరంతా చాటుకున్నది నేనే. ఆ పెట్టె సంగతి చివర్లో చెబుతాను.

నేను గ్రీసుకి వచ్చిన కొత్తలో నాకు దేశాభిమానం విపరీతంగా ఉండేది. ఇంట్లో ఉన్నన్నాళ్ళు లేదు, విమానం దిగగానే పట్టుకుంది. మీరు నవ్వుతారేమోగానీ, నా అభిమానమంతా జెండా మీద కాదు, రాణి గారి మీద కాదు, మా ప్లగ్గు మీద. మూడు లావుపాటి చదును పిన్నులు, లోపల ఫ్యూజు, గోడలో దాని పక్కనే స్విచ్చి. ప్రపంచంలో అంతకు మించిన ప్లగ్గు లేదని ఈ ఊళ్ళో ప్రతి కాఫీ హోటల్లోనూ వాదించాను. నేనుండే మేడ కింది వాటాలో కాపురం, వీధి చివర కరెంటు సామాన్ల దుకాణం ఉన్న స్తమాతిస్ (అదుగో, నిలబడక్కర్లేదు కూర్చో) ఒక రాత్రి చెప్పుల్లేకుండా నా గదిలోకి వచ్చి నేల మీద పడున్న ఆ ప్లగ్గు తొక్కాడు. "మాస్టారూ, మీ ఇంగ్లండు నా అరికాల్లో దిగిందండీ!" అని వాడు కుంటుతూ గెంతుతుంటే, "చూశావా ఎంత గట్టిదో" అన్నాను నేను. అంతటి మూర్ఖుణ్ణి.

వాడూ తక్కువవాడేం కాదు. "మీ దేశంలో ఒకే తొట్టికి రెండు కుళాయిలటగా మాస్టారూ? ఒకదాంట్లో సలసల కాగే నీళ్ళు, ఒకదాంట్లో మంచు నీళ్ళు. అంటే మీవాళ్ళు మొహం కడుక్కుంటే ఒక చెంప ఉడకాలి, ఒక చెంప గడ్డకట్టాలి. రెండు నీళ్ళు కలపడం రానివాళ్ళు ప్రపంచాన్నంతా ఎలా ఏలారండీ?" అనేవాడు. మీ మేడల మీద ఎండకి నీళ్ళు కాచే పీపాల్ని చూపించి, "ఎండ మాది, వేడి మాది, బిల్లు లేదు" అని రొమ్ము విరుచుకునేవాడు. మరి మబ్బు పట్టిన రోజున ఎవాంథియా గారు నా పాఠం మధ్యలో లేచి "అయ్యో, కరెంటు గీజరు ఆపానా!" అని ఇంటికి పరిగెత్తడం ఎవరు చూడలేదు చెప్పండి? (నవ్వులు) మా దేశంలో అయితే... సరే, వద్దు.

ఇక టీ నీళ్ళు కాచే మా కరెంటు కెటిల్. తొలి చలికాలం దాన్ని తరగతికి తెచ్చి, బల్ల మీద పెట్టి, ఇంగ్లీషువాడి తెలివంతా ఇందులో ఉందని ఉపన్యాసం ఇచ్చాను. ముందు బెంచీలోని కిరియకూల దాన్ని తలకిందులు చేసి చూసి, "సార్, ఇది చైనాలో చేశారట" అంది. ఆ పిల్లే ఇప్పుడు ఈ ఊరి పళ్ళ డాక్టరు. నా దవడ ఆవిడ చేతుల్లో ఉంది కాబట్టి ఇంతకంటే చెప్పను (నవ్వులు). ఇంగ్లండులో చేసింది దానికున్న ప్లగ్గు ఒక్కటేనని ఆ రోజంతా నన్ను నేనే ఓదార్చుకున్నాను.

ఇప్పుడు కొంచెం నిదానంగా చెప్పాల్సిన మాట ఒకటుంది.

మా చిన్నతనంలో ఇంగ్లండులో ఏ కరెంటు వస్తువు కొన్నా ప్లగ్గు లేకుండా ఇచ్చేవాళ్ళు. తీగ కొసలు బయటికి వేలాడుతూ ఉండేవి. ప్లగ్గు విడిగా కొనుక్కుని ఇంట్లో బిగించుకోవాలి. అందుకని ప్రతి ఇంట్లోనూ తండ్రి పిల్లల్ని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి అది నేర్పేవాడు. మా నాన్న బస్సుల డిపోలో పనిచేసేవాడు, మాటలు తక్కువ. ఆయన నాతో అంతసేపు కూర్చున్నది ఆ పాఠానికే. నేను ఇక్కడికి బయల్దేరిన రోజున ఒక రేడియో కొనుక్కొచ్చి, ప్లగ్గు తన చేత్తో బిగించి, "అక్కడ మన వార్తలు అందుతాయో లేదో, పట్టుకుపో" అన్నాడు. నేను మళ్ళీ వెళ్ళేలోగా ఆయన పోయాడు.

ఆ రేడియో ఇన్నేళ్ళూ నా మంచం పక్కనే ఉంది. అందులో లండన్ వార్తలు విన్నది తక్కువ. రేపు వాన పడుతుందనీ, ఫలానా వాళ్ళ మేక తప్పిపోయిందనీ మన కలమాత స్టేషన్ చెబితే విన్నదే ఎక్కువ. ప్లగ్గు మాత్రం మార్చలేదు. మీ గోడకి అది పట్టదు కాబట్టి మధ్యన ఒక అడాప్టరు పెట్టి నెట్టుకొచ్చాను. "కోసెయ్యండి మాస్టారూ, మన ప్లగ్గు బిగించేస్తాను" అని స్తమాతిస్ అన్నప్పుడల్లా నేను వాడి మీద విరుచుకుపడేవాణ్ణి. వాడికి కారణం ఇవాళే తెలుస్తోంది.

పోయిన వారం సామాను సర్దుతూ ఆ రేడియో లాగితే అడాప్టరు విరిగిపోయింది. దుకాణానికి వెళ్ళి ఇంకొకటి ఇమ్మన్నాను. స్తమాతిస్ నా వంక చూసి, "ఎందుకండీ ఇంకా? మీరెలాగూ వెళ్ళిపోతున్నారుగా. అక్కడి గోడకి అది నేరుగా సరిపోతుంది" అన్నాడు. మామూలుగానే అన్నాడు. ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది ఆ మాటే. తీరా వినేసరికి అది నాకు నచ్చలేదు. రేడియో అక్కడి గోడకి సరిపోతుంది, నిజమే. నేనే సరిపోను. అక్కడ ఏ మేక తప్పిపోయినా నాకు తెలియదు. ఎవరి గీజరు సంగతీ నాకు పట్టదు.

"మీ ప్లగ్గు ఒకటి ఇవ్వు" అన్నాను. వాడు ఇచ్చాడు, ఇవాళ్టి దాకా ఎవరికీ చెప్పలేదు. కలమాత చరిత్రలో ఒక రహస్యం వారం రోజులు నిలవడం ఇదే మొదలు (నవ్వులు).

వంటింటి బల్ల దగ్గర కూర్చుని నాన్న ప్లగ్గు విప్పాను. లోపల రాగి పోగులు ఎంత పొందిగ్గా మెలిపెట్టి ఉన్నాయంటే, ఒక్కటి కూడా బయటికి రాలేదు. ఆయన వేళ్ళు ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది. ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. తరవాత ఆయన నేర్పినట్టే మెలిపెట్టి మీ ప్లగ్గు బిగించాను. ఇదిగో, నాన్నది నా జేబులోనే ఉంది. (ప్లగ్గు పైకెత్తి చూపించారు.)

అప్పుడు అక్కకి ఫోన్ చేశాను.

"ఏరా ఎడ్డీ, పై గదికి రంగులేయించాక, కర్టెన్లు కుట్టాక ఇప్పుడా రాననడం?" అని కాసేపు దులిపేసింది. ఆనక గొంతు తగ్గించి, "నాన్న ప్లగ్గు కోశావా?" అంది.

"లేదక్కా, విప్పాను."

"మరలు జాగ్రత్త" అంది. "అక్కడ చలికాలం ఎలా ఉంటుందిరా?" అంది మళ్ళీ.

"వీధుల్లో నారింజలు పండుతాయి."

"అయితే వచ్చి నన్ను తీసుకెళ్ళు. నా కెటిల్ నేను తెచ్చుకుంటా. మీవాళ్ళ వాటిలో నీళ్ళేం మరుగుతాయి!"

కాబట్టి ఎవాంథియా గారూ, ఈ ఎర్ర సూట్‌కేసు వృథా పోలేదు. వచ్చే నెల దీన్ని ఖాళీగా పట్టుకెళ్ళి, మా అక్క చీటికీ మాటికీ మెచ్చుకునే ఆ కెటిల్‌తోనూ, మా అక్కతోనూ తిరిగొస్తాను. (చప్పట్లు. ఎవాంథియా గారు కళ్ళు తుడుచుకున్నారు.) ఏడవకండి, మీ ఇంటికే మొదట టీకి వస్తాం.

నన్ను ఇన్నేళ్ళు భరించినందుకు, సాగనంపడానికి ఇంత ఖర్చుపెట్టినందుకు, వెళ్ళకపోయినా చప్పట్లు కొట్టినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒరేయ్ స్తమాతిస్, దుకాణంలో ఆ అడాప్టర్లు పారెయ్యకురా, ఇంకో ఇంగ్లీషు మనిషి దిగుతోంది. నాకు మాత్రం ఇక అక్కర్లేదు. ఈ ఊరి దగ్గర కాదు, ఈ వేదిక దగ్గర మాత్రమే సెలవు.