రికార్డు కింది సన్నెకల్లు

"చిన్నమ్మా, రికార్డు ప్లేయర్ కింద గీ సన్నెకల్లు ఎందుకు పెట్టినవ్?"

నవ్వకు. ముందుగాల గా కుర్చీల కూసో, కాళ్లు స్టూలు మీద పెట్టు. ఏడో నెల, కాజీపేట నుంచి రైల్ల కూసొనొచ్చినవ్, కాళ్లు సూడు ఎట్ల వాసినయో. గా మజ్జిగ తాగు, చెప్త. నువ్వడిగింది ఒక్క మాటనే గని జవాబు జర పొడుగుంటది.

మన చర్చి పాటల రికార్డు ఉన్నది గదా. నేను, మీ అమ్మ, ఇద్దరం క్వయర్ల ఉంటిమి. మీ అమ్మ క్వయర్ల అందరికీ సరోజక్కనే, నాకొక్కదానికే అక్క కాదు. అప్పుడున్న చర్చి పాస్టరు అయ్యగారు పట్టుబట్టి రికార్డు చేపిచ్చిండు. అందరం అమీర్‌పేటల బస్సెక్కి స్టూడియోకు పోయినం. బస్సు చార్జి చారానా. కాదు కాదు, చారానా మా నాయినప్పటి మాట, మా అప్పటికి ముప్పై పైసలైంది. గది సుత దండగని వచ్చేటప్పుడు పంజగుట్టల దిగి నడిచినం. గప్పుడు గీ ఫ్లైఓవర్ లేదు, మెట్రో లేదు, రోడ్డు మీద ఎవరన్న తెల్సినోళ్లు కనిపిస్తే నిలబడి మాట్లాడెటోళ్లం. మీ అమ్మ దారి పొంటి పాడుకుంటనే వచ్చింది, స్టూడియోల పాడింది సాలనట్టు. ఏం చెప్తున్న... ఆఁ, రికార్డు. గా పాటల మొదటి చరణం అందరం పాడినం. రెండోది మీ అమ్మ ఒక్కతే.

అందరిండ్లల్ల ఉండె గా రికార్డు. విరిగినయి విరిగినయి, పోయినయి పోయినయి. ఇప్పుడు మనదొక్కటే మిగిలింది. మీ అమ్మ పోయేటప్పటికి నీకు రెండేండ్లు సుత నిండలే. ఫోన్లల్ల రికార్డు చేసుకునే కాలమా గది. మీ అమ్మ గొంతు దునియల ఇంకెక్కడ లేదు బిడ్డా, గీ రికార్డులనే ఉన్నది.

మొన్న నువ్వు ఫోన్ల అడిగినవ్, అమ్మ గొంతు ఎట్లుండె చిన్నమ్మా అని. ఏమని చెప్పాలె? తియ్యగుండె అంటే సరిపోతదా? కాన్పుకు ఇంటికి రా, ఇనిపిస్త అని మాటిచ్చిన. మాటైతే ఇచ్చిన గని ప్లేయర్ ఏండ్ల సంది అల్మారా మీద మూట కట్టి ఉండె.

మీ చిన్నాయన దించిండు, దులిపిండు. నా కుట్టు మిషను బల్ల మీద పెట్టినం. సాయంత్రం చాయ్ తాగి రికార్డేసినం. మొదటి చరణం మంచిగనే వచ్చింది. రెండో చరణంల మీ అమ్మ రెండు మాటలు పాడిందో లేదో, ముల్లు ఎగిరి అవతల దుంకింది. మళ్ల పెట్టినం, మళ్ల గంతే.

మీ చిన్నాయన ఏం చేసిండు? జేబుల నుంచి రూపాయి బిళ్ల తీసి ముల్లున్న తలకాయ మీద పెట్టబోయిండు. వాళ్ల నాయిన గట్లనే పెట్టెటోడంట. అబద్ధం కాదు, అప్పట్ల అందరు పెట్టెటోళ్లు. బరువుకు ముల్లు ఎగరది. ఎగరది గని, రికార్డును గీక్కుంట పోతది. నేను టక్కున చెయ్యి పట్టుకున్న. "నీ నాటకం రికార్డు మీద పెట్టుకో, మా అక్క మీద పెట్టకు" అన్న. మీ చిన్నాయనకు ఒక హాస్య నాటకం రికార్డున్నది, పెండ్లైన కాడ్నుంచి గదే నవ్వు. నిజంగనే దాని మీద పెట్టిండు. ఎగరలే. గని నాటకంల నవ్వించెటోడు పడిశం పట్టినోని లెక్క మాట్లాడిండు. ఇగ గా రోజు నుంచి మీ అమ్మ రికార్డు బీరువల పెట్టి తాళమేసిన.

చిట్టీ ఎత్తిన పైసలుండె. ఏదో ఒకటి మార్పియ్యొచ్చు, అన్నీ కాదు. ఇగ సూడు లొల్లి. మీ చిన్నాయనకు పెద్ద స్పీకర్లు కావాలె. నా నడుము ఎత్తుంటయంట, కొత్తల్లుడు కట్నం అడిగినట్టు అడిగిండు. నేనేమో ముల్లు మార్పిద్దామంట. ముల్లు అరిగితే పాట ఎట్లొస్తది? తను ఇనడు. నేను చాయిల అల్లం ఎయ్యుడు బంద్ జేసిన.

ఆఖరికి ఇద్దరం కలిసి పంజగుట్టల దుకాణంకు పోయినం. అద్దాల రూముల ఏసీ, సోఫా. దుకాణమాయన మర్యాదస్తుడే, అటు కోస్తా మనిషి. "ఏంటి ఆంటీ గారు, ముల్లు చిన్న విషయమండి. అసలు మీరు ఆంప్లిఫయర్ మార్చాలండి" అన్నడు. ఏదో పాట పెట్టిండు. మీ చిన్నాయన కండ్లు మూసుకొని ఊగవట్టె. నేనడిగిన, "ఎగురుడు ఆగుతదా నాయినా?" అని. "క్లారిటీ చాలా పెరుగుతుందండి" అన్నడు. "మంచిదే, ఎగురుడు ఆగుతదా?" అన్న. "బేస్ కూడా బాగుంటుందండి" అన్నడు. అంటే ముల్లు ఎగిరితే గా ఎగిరిన సప్పుడు ఇంకా సాఫ్‌గ ఇనొస్తదన్నట్టు. ముల్లు ఒక్కటి కట్టియ్యమన్న. వచ్చేటప్పుడు ఆటోల మీ చిన్నాయన అటు దిక్కు తిరిగి కూసున్నడు.

కొత్త ముల్లు బిగిచ్చినం. నాటకం రికార్డేసి సూసినం. పడిశం పోయింది, మాట గలగల వచ్చింది. నేను మీ చిన్నాయన దిక్కు సూసి నవ్విన. గంతల్నే ఎగిరింది.

అప్పుడు నా మొహం సూడాలె నువ్వు. నాకు భయమైంది బిడ్డా. నువ్వు గింత కడుపుతోని వచ్చి కూసుంటే, లేదమ్మా, కాలేదు అని ఏ మొహంతోని చెప్పాలె? మీ అమ్మ పోయినప్పుడు నిన్ను నా ఒడిల ఏసిన్రు. అన్నీ ఇయ్యగలిగిన నీకు, గా గొంతొక్కటి తప్ప.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, వంటైనంక, మనసొప్పక మళ్ల నాటకం ఏసిన. ఎగరలే. తిప్పి ఏసిన. ఎగరలే. సాయంత్రం ఏస్తే ఎగిరింది. ఇదేంది, మధ్యానం ఒకటి, సాయంత్రం ఒకటి? మిషను బల్ల మీద అరచెయ్యి పెట్టిన. చెయ్యి జుమ్ముమంటున్నది. పైన లేడీస్ హాస్టల్ ఉన్నది గదా, కోర్సులకు వచ్చిన పిల్లలు. పొద్దున ఇడ్లీలకు సాయంత్రం గ్రైండర్ ఏస్తరు. గా గ్రైండర్ ఊపుకు గోడ, గోడతోని నేల, నేలతోని నా పాత బల్ల. ముల్లు పాపం ఏం చేస్తది.

పైకి పోయి హాస్టల్ వంటామెను అడిగిన, జర టైము మారుస్తవా అని. "పొద్దున ఇడ్లీ లేకుంటే గా పిల్లలు నన్నేసి రుబ్బుతరు పెద్దమ్మా" అన్నది. నిజమే గదా.

దిగి వస్తుంటే బాల్కనీల గీ సన్నెకల్లు కండ్లవడ్డది. మా అమ్మది. మిక్సీ వచ్చిన కాడ్నుంచి పూలకుండీ కింద పడి ఉన్నది. నూరుతుంటే ఎంత ఊగినా కదిలేది కాదు, నా భుజాలే గుంజేవి. గదే మతికొచ్చింది. ఇద్దరం మోసినం, మీ చిన్నాయన దారంత గొణుక్కుంటనే. బల్ల తీసేసి నేల మీదనే పెట్టినం. సూడు, నడుమ అరిగింది గని ప్లేయర్ కాళ్లు అంచుల మీద ఎట్ల సక్కగ కూసున్నయో. ఊపు శానా తగ్గింది. ఇంకొద్దిగ ఉండె. కింద మెత్తగ ఏమన్న ఉంటే బాగుండునని సూసిన. మీ చిన్నాయన కొత్త హవాయి చెప్పులు కండ్లవడ్డయ్. వంగి సూడు, రాయి కింద నాలుగు మూలలకు నాలుగు ముక్కలు. నీలం రంగు. పాపం, ఇల్లంత ఎతికిండు. నేను సుత ఎతికినట్టు చేసిన.

గీ రాయి మీదనే మీ అమ్మ అల్లం ఎల్లిగడ్డ నూరేది. నూరుకుంటనే గా రెండో చరణం ప్రాక్టీసు చేసేది. నేను పక్కన గిన్నె మీద తాళమేసి తిట్లు తినేదాన్ని.

మీ అమ్మ రికార్డు ఇంకా ఏయలే బిడ్డా. నువ్వొచ్చినంకనే ఎయ్యాలని ఉంచినం. నాటకం మాత్రం గ్రైండర్ నడుస్తుంటే సుత ఏసి సూసినం, ఎగరలే. ఇగో, పైన మొదలైంది ఇన్నవా? తిరగనియ్యి. ఓ అయ్యా, ఇటు రా, బీరువల నుంచి రికార్డు పట్టుకరా. చెప్పుల ముచ్చట తర్వాత మాట్లాడుకుందాం.

అంచులు పట్టుకో, మీద చెయ్యి పెట్టకు. ఆఁ. మెల్లగ.

ఇది మొదటి చరణం. అందరం ఉన్నం. ఒక్కరు జర ఎనక పడుతున్నరు సూడు, గది నేనే. అయ్యగారు ఏమనలే, మంచోడు. ఇగ అయిపోవచ్చింది. ఇప్పుడు...

ఆగు. ఇన్నవా గది? పాట కాదు, పాటకు ముందుగాల. ఊపిరి తీసుకున్నది. గీ సప్పుడు నేను సుత ఎన్నడు ఇనలే, పాత ముల్లుకు అందలేదేమో. గదే బిడ్డా, గదే మీ అమ్మ. పాడుతున్నది సూడు.

ఏడిస్తే ఏడువు, ఏం కాదు. కడుపు మీద చెయ్యి పెట్టుకో, లోపటామె సుత ఇంటది. చల్లగుండున్రి ఇద్దరు. నేనిగ మాట్లాడ.