మూరెడు చూరు

ఏమర్రా, నూకరాజు ఇంటి వెనక కూలిపోయిన ఆ వసారా వైపు మళ్లీ ఎవరు వెళ్లారు? జామకాయల కోసమా? మీకెన్నిసార్లు చెప్పాలర్రా, నా నోరు నొప్పెట్టడం తప్ప! సరే, కూర్చోండి, విన్నాకైనా బుద్ధొస్తుందేమో.

వసారా అంటే ఏముంది, ఇంటిగోడకి నాలుగు వాసాలు వాల్చి తాటాకు కప్పాడు, గేదె కోసం. కడితే కట్టుకున్నాడు, ఆ చూరు పక్కింటి అచ్చియ్యమ్మ జాగాలోకి మూరెడు తోశాడు. వాన పడితే నీళ్లన్నీ ఆవిడ మట్టిగోడ మొదట్లోనే. ఒంటరి మనిషి, ఉన్నది ఆ ఒక్క గదే. నాయనా, మూరెడు వెనక్కి తియ్యరా, గోడ నానిపోతోంది అని వాడింటి చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయింది. వీడు వింటేనా! గేదె తడుస్తుందన్నాడు. గేదెట! శ్రావణంలో ముసురు పట్టి ఆ గోడ కాస్తా ఆవిడ మీదే కూలింది, ప్రాణం పోయింది పాపం.

పెద్దకర్మ అయిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం, వాడు అన్నం తిని వచ్చేసరికి చూరు సరిగ్గా మూరెడు కోసేసి ఉంది, కోసిన ఆకు ఒద్దికగా కట్టకట్టి గోడవార పెట్టి ఉంది. ఇంకెవరనుకున్నారు? వీడు మళ్లీ కప్పాడు, మర్నాడు మళ్లీ మూరెడు పోయింది, మళ్లీ కప్పాడు, అలా పదకొండు రోజులు. పెళ్లాం గంగాలు కాళ్లు పట్టుకుని, ఆవిడ అడిగేది మూరెడేగా, వదిలెయ్యవయ్యా, నాకు నువ్వు కావాలి అని ఏడ్చింది. మనిషికే తగ్గనివాణ్ణి దెయ్యానికి తగ్గుతానా అన్నాడట! తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పన్నెండో రోజు పంతానికి చూరు రెండు మూరలు ముందుకి తోసి, ఎలా కోస్తుందో చూస్తానని దాని మీదికెక్కి కూర్చున్నాడు. ఆవిడ రానేలేదర్రా. వాడి బరువుకే వాసాలు పుటుక్కుమన్నాయి, వాడు తలకిందులుగా పడి మెడ విరిగి పోయాడు. గంగాలు గేదెని తోలుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

పోనీ అంతటితో ఆగిందా? ఇప్పుడక్కడ ఇద్దరు. గోడ లేదు, గేదె లేదు, అయినా ఆవిడ మూరెడంటుంది, వాడు తగ్గనంటాడు. మొన్న నేనటు వస్తుంటే ఇద్దరూ అడ్డంపడి, తీర్పు నువ్వే చెప్పమన్నారు. బతికుండగా కూడా అచ్చియ్యమ్మ నా దగ్గరికొచ్చిందర్రా, ఒక్క మాట చెప్పమని. నాకెందుకొచ్చిన గొడవని ఊరుకున్నాను. మొన్న చెప్పాను, తప్పు నీదేరా నూకరాజూ అని. ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆవిడ నా మొహం కూడా చూడలేదు.

కాబట్టి అటు వెళ్లకండి. వాళ్లు మిమ్మల్నేం చెయ్యరు, కూర్చోబెట్టి మొదట్నించీ చెప్తారు, అంతే. తెల్లారితే మీకు బడి ఉంది.