నాలుగో వంతు

కోట్టయంలో కోవిడ్‌కి చర్చి మూసేశారు. వీధి ఆడవాళ్లు ఐదుగురూ సాయంత్రం ఫోన్‌లోనే జపమాల చెప్పుకునేవారు, తలా పది పూసల వంతున; నాలుగో వంతు ఏలిక్కుట్టిది. ఆ రోజు జపం అయ్యాక మిగతావాళ్లు ఫోన్ పెట్టేసినా, నెల కిందట కోవిడ్‌తో పోయిన ఏలిక్కుట్టి నంబరు మాత్రం లైన్లోనే ఉంది. అందరూ చేచీ, అంటే అక్కా, అని పిలిచే పెద్దావిడ అడిగింది.

"ఎవరది? ఆమె నంబరు తీసేయడానికి మనసొప్పక రోజూ కలుపుతున్నాను. ఆమె వంతు రాగానే మేం మౌనంగా ఉంటే, ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది."

"నేనే, చేచీ. ఏలిక్కుట్టి భర్తని."

"నువ్వా! ఆమె ఎంత బతిమాలినా చర్చి గడప తొక్కనివాడివి, నీకు జపమెందుకయ్యా?"

"హాస్పిటల్ వాళ్లు శవాన్ని సంచిలో పెట్టి జిప్పు వేసి ఇచ్చారు. ముఖం చూపించలేదు. లోపల ఉన్నది ఆమేనని ఎలా నమ్మమంటారు?"

"అందుకని తిండి మానేస్తావా? గుమ్మంలో పెట్టిన గంజి పెట్టినట్టే ఉంటోంది."

"ఇంట్లో ఒక్కో పూసకీ ప్రార్థన మొదటి సగం ఆమె చెప్పేది. విని విని రెండో సగం నాకూ వచ్చేసింది. వంటింటి బయట నిలబడి అనేవాణ్ణి."

"అయితే రేపటి నుంచి ఆ మొదటి సగం నేను చెప్తాను. నువ్వు అందుకో."

"వద్దు, చేచీ! మీరు మొదలుపెడితే, ఇక ఆమె మొదలుపెట్టదు."