పసుపు సంచిల దాసిన చాక్లెట్లు

హలో… ఆ, నేనే బిడ్డా, నర్సవ్వ పెద్దమ్మను. ఆర్మూర్‌కెల్లి.

…లేదు లేదు, ఎవ్వలకేం కాలే. మనుషులం మంచిగనే ఉన్నం. చాక్లెట్లే… రత్నవ్వా, చాక్లెట్లన్ని ఖరాబైనయే!

నవ్వకు. నేనిక్కడ ఏడుస్తుంటే నువ్వు నవ్వుతున్నవ్. నీ తల్లి గూడ గిట్లనే, పాలు పొంగి పొయ్యిల పడ్డా నవ్వేది. నా చెల్లె గదా, నాకెరుకలేదా…

ఆఁ, గవ్వే. నువ్వు కువైట్‌ల వంటపని ఇడిసిపెట్టి వచ్చినప్పుడు తెచ్చిస్తివి గదా, అయిదు పెద్దపెద్ద పట్టీలు. "మా అన్న దుబాయ్‌కెల్లి పంపిండని గంగామణికి చెప్పు పెద్దమ్మా" అంటివి. నేను గట్లనే చెప్తిని…

చెప్పక ఏం చెయ్యమంటవ్? నా కొడుకు ఉత్తరం రాసి తొమ్మిది నెలలాయె. నా మనుమరాలు మణికి తల్లి చూస్తే లేకపాయె. బడిల పోరిలు "నీకు నాయిననే లేడు, ఉత్తగ చెప్తున్నవ్" అంటే ఇంటికొచ్చి అన్నం తినకుండ పండేది. గీ చాక్లెట్లు చూసిన నాడు… ఒక్క ముక్క కొరకలే, తెలుసా? ఎండకాలం సెలవులిచ్చే ఆఖరి రోజు క్లాసుల అందరికి పంచుత అన్నది.

గా ఆఖరి రోజు ఇయ్యాల్నే!

ఒంటిపూట బడి. పన్నెండింటికి గంట కొడుతరు. అంతలోపల నేను తీస్కపోవాలె. పొద్దుగాల పోయేటప్పుడు రెండుసార్లు చెప్పింది, "బాపమ్మా, మర్చిపోకు" అని. గీడ ఫోను దుకాణంల బాబురావు సారు గడియారం చూస్తే పది దాటింది.

…ఏడ పెట్టిననా? పసుపు సంచిల. కొమ్ముల నడుమ దాసిన.

ఏం తప్పే? పసుపున్న కాడికి చీమ వస్తదా? ఆర్మూర్‌ల ఎవ్వలనన్న అడుగు. నువ్వు పుట్టినప్పుడు మీ నాయిన తెచ్చిన బెల్లం గూడ గట్లనే దాసిన. నెల రోజులు ఒక్క చీమ ముట్టలే…

ఆ, రేకుల అర్రనే. సంచులు ఇంకేడుంటయ్? …ఎండ కాకకు కరుగుతదని నాకెట్ల ఎరుక బిడ్డా?

పట్టుకుంటే తడిగుడ్డ లెక్క వంగుతున్నయ్. ఒకదాని కాయితం చినిగి పసుపు గూడ తాకింది… గది కాదే. గదొక్కటైతే నయముండే. అటెన్క నేను చేసిన పని ఇను…

పాకం పట్టిన.

…అవ్, చాక్లెట్టునే! అయిదూ గిన్నెల ఏసి, సన్నసెగ మీద పెట్టి, రెండు చెంచల నీళ్లు పోసిన. బెల్లానికి పొయ్యమా మరి? కరిగినంక తాంబాళంల పోసి ముక్కలు కోస్త అనుకున్న. నీళ్లు పడంగనే ముద్దగట్టింది. ఇసుక లెక్క. కలిపినకొద్ది ఇంకింత గట్టిపడ్డది. గంటె గూడ తిరగలే… యాభై ఏండ్ల సంది పాకాలు పడుతున్న, గిట్లెన్నడు కాలే.

…ఒక్క చుక్క నీళ్లు గూడ తాకొద్దా? గిప్పుడు చెప్తే ఏం లాభమే!

అయ్యో, ఫోను పెట్టకు! చెప్పు. ఇంటున్న.

ఆ… నీళ్లు మసులుతుంటే దాని మీద ఇంకో గిన్నె. చాక్లెట్టు గిన్నె నీళ్లకు తాకొద్దు. …పాలు. వేడివి. చెంచ చెంచ పోసుకుంట కలపాలె… నిజంగ కలుస్తదా? ఒట్టెయ్యి. …వెన్న లేదు, నెయ్యి ఉన్నది. అయితదా? సరే.

బిస్కెట్లు… గవ్వేనా, చాయ్‌ల ముంచుకునేటియి? …పిండి కావొద్దు, బరక బరకగ దంచాలె. గా చాక్లెట్టుల కలిపి ముద్దలు చుట్టాలె. …గంతేనా? మళ్ల పొయ్యి మీద పెట్టుడు లేదా?

ఓసి నీ! గియ్యి మలీద ముద్దలే గదనే! రొట్టె బదులు బిస్కెట్టు, బెల్లం బదులు చాక్లెట్టు. బతుకమ్మకు ఎన్ని చుట్టలే నేను, నీ తల్లి!

…పసుపు వాసన వస్తే? …అవ్ గని, పాలల్ల ఏసుకొని తాగుతనే ఉన్నం.

మరి సల్లబడుడెట్ల? మా ఇంట్ల రంజన్ కుండను మించిన సల్లటిది లేదు… ఆగు, ఆగు. — బాబురావు సారూ! మీ కూల్‌డ్రింకుల ఐసుడబ్బల ఒక తాంబాళం పెట్టుకోనిస్తరా? అర్ధగంట… మీకూ ఒక ముద్ద ఇస్త తియ్యుండ్రి. — పెట్టుకొమ్మన్నడు బిడ్డా. ఇన్నొద్దులు గా మీసాలు చూసి ఉత్తగనే భయపడ్డ.



ముద్దలైతే అయితయ్ రత్నవ్వా. దుబాయ్‌వి ఎట్లయితయ్? "మీ బాపమ్మ చుట్టిన ముద్దలు తెచ్చి మీ నాయిన పంపిండంటవా" అనరా గా పోరిలు? నా పిల్ల తలకాయ ఏడ పెట్టుకుంటది? దాని చేతిల ఉన్నది గదొక్కటే ఉండె. గది గూడ నేనే కరగబెట్టిన, గీ చేతులతోని…

ఏడుస్తలేను. చెప్పు.

…ఉత్తరమా? ఎవ్వలు రాసిండ్రు? మణినా? నీకా?

ఎప్పుడు? …నెల కిందనా! మరి నాకెందుకు…

చదువు. మొత్తం చదువు. మెల్లగ.

…

…చాక్లెట్టు కాయితం మీదనా? అంచుకా? ఇంగ్లీషుల కువైట్ అని… అవ్, ఏడో తరగతి గద, చదువుతది. నాకు అన్ని అక్షరాలు చీమల బారే.

అంటే మొదటి నాడే ఎరుకనా దానికి?

…మొదటి నాడే.

మరి నన్నెందుకు అడగలే? ఎన్నిసార్లు చెప్పిన దానికి, మీ నాయిన గిట్ల పంపిండు, గట్ల పంపిండు అని… తలకాయ ఊపుకుంట ఇన్నది…

…

మళ్ల చదువు గా మాట.

"బాపమ్మకు చెప్పకు అత్తమ్మా. నాయిన పంపిండని చెప్పేటప్పుడు బాపమ్మ ముఖం మస్తు మంచిగుంటది."

…



మరి బడిల ఏం చెప్పిందట? …"మా ఇంట్లోళ్లు తెచ్చిండ్రు" అని. గంతే. …అవద్ధం కాకపాయె. నువ్వు ఇంట్లదానివే, నేనూ ఇంట్లదాన్నే.

పోత. టైం అయితున్నది. …ఆ, నీళ్లు పొయ్య. నీ మీద ఒట్టు.

ఆగు, ఒక్క ముచ్చట. కాయితాలు పారెయ్యలే. తుడిసి, కొంగుల కట్టుకొచ్చిన. చింపి ఒక్కొక్క ముద్దకు చుడుత. గా కువైట్ పేరున్న ముక్క… పొయ్యిల ఏద్దునా?

…అవ్. వద్దు. మణి ముద్దకు గదే చుడుత. ఇప్పినంక చూసుకుంటది. నాకూ ఎరుకైందని ఎరుకైతది. నోటితోని చెప్పుడు నా తోని కాదు.

— బాబురావు సారూ, జర గీ కాయితం చూడుండ్రి. కువైట్ అని ఏడ రాసున్నది? …గీడనా? …గింత చిన్నగనా!

దొరికింది రత్నవ్వా. ఏలు పెట్టి పట్టుకున్న. తీస్తే మళ్ల నాకు దొరకది… నువ్వే పెట్టెయ్యి బిడ్డా, ఫోను.