శివప్ప బావిలో నీళ్లు

2003 వేసవి. జీపునూ డ్రైవరునూ వీధిలో ఆపి, హెడ్ కానిస్టేబుల్ నరసింహప్ప ఒక కాగితంతో రైతు శివప్ప ఇంటి వసారాలోకి వచ్చాడు.

“ఇంగోసారి చదువు హెడ్డు సారూ. నా చెవులు బాగలేవో, మీ కాగితం బాగలేదో.”

“‘ఆంజినప్ప అను వ్యక్తి పోలీసుల నుండి తప్పించుకొని పరుగెత్తుతూ, శివప్ప బావిలో పడి, నీట మునిగి మృతి చెందినాడు.’ అంతే. ఈడ సంతకం పెట్టు.”

“నా బాయిలోనా?”

“నీ బాయిలోనే.”

“మునిగేటన్ని నీళ్లుండాయా?”

“ఉండాయనే కదప్పా రాసినాం.”

“మే చౌడేశ్వరీ! ఇంట్లోంచి టెంకాయ తీస్కరా! మన బాయిలోకి గంగమ్మ వచ్చిందంట!”

“గమ్మునుండు శివప్పా. ఎగతాళా?”

“ఎగతాళి ఎవురిది సారూ? ఆ బాయిలో కప్ప అరిచి ఐదేండ్లాయ. గుత్తి కొండ మీదన్నా నీళ్లుంటాయేమో గానీ దాంట్లో లేవు. ట్యాంకరు రాలేదని ఆంజినప్ప రోడ్డుకు ఖాళీ బిందెలు అడ్డం పెట్టినాడు. బతికుండంగ బిందెడు అడిగితే లాఠీ ఇచ్చినారు. చచ్చినాక బాయి నిండా ఇస్తాండారు.”

“లాఠీకి చచ్చినాడని ఎవురన్నారు?”

“ఎవురూ అనలే. స్టేషన్లోకి నడిచిపోయినాడు, మోసుకొని బయటికి తెచ్చినారు. అంతే చూసినా.”

“జనం తోసుకొస్తాంటే బలం వాడొచ్చు. చట్టంలో ఉండాది.”

“రోడ్డు మీద సరే. గదిలో ఒగడే కదా, ఎవుర్ని తోసినాడు? గోడనా?”

“ఎస్సై చెప్పినాడని మా కానిస్టేబుల్ పిల్లోళ్లు రెండు...”

“రెండు?”

“ఏం లేదు.”

“చెప్పినోడిదా తప్పు, కొట్టినోడిదా?”

“ఇద్దరిదీ కాదు. బాయిది.”

“బాయికి బేడీలు యాడేస్తారు సారూ?”

“చుట్టూ గోడ కట్టనోడికి చేతులుండాయి కదా. సంతకం పెడితే సాక్షివి. పెట్టకపోతే ముద్దాయివి.”

“ఈ లెక్కన లాఠీది తప్ప ఊర్లో అందరిదీ తప్పే.”

“పెడతావా, పెట్టవా?”

“పెట్టను. కరువు జాబితాకని ఉగాది ముందర ఎమ్మార్వో మనిషొచ్చి, నా బాయి ఎండిపోయిందని రాసి సీలేసుకొని పోయినాడు. చిన్నక్కకు పోయి ఏం చెప్పల్ల? నీ మొగుడు దుమ్ములో మునిగినాడనా?”

“మెల్లగా. డ్రైవరు ఎస్సై మనిషి.”

“విననీ!”

“మెల్లగా అంటాండా కదా. పోలీసోళ్లు పట్టుకున్నోడు ఎట్ల చచ్చినా ఆర్డీవో విచారణకొస్తాడు. చచ్చిన చోటు చూపించమంటాడు.”

“చూపిస్తా. చూసి నవ్వుతాడు.”

“నవ్వడు. నీ బాయి ఎండిందని సీలేసింది ఆయప్ప కిందోళ్లే.”

“...అంటే?”

“ఎస్సై కొత్తోడు, కాలవల సీమ నుంచి వచ్చినాడు. ఏదో ఒగ బాయి పేరు రాయమన్నాడు. నిండా నీళ్లుండేది మన పక్క ఒగటే ఉండాది. నేను నీది రాసినా. తొందరగా పెట్టు శివప్పా, ఎస్సై ఇంగొకర్ని అడిగి బాయి మార్చకముందే.”